సిగ్నల్ ఫుల్ ఉంది, కానీ టీవీ వస్తలేదు! సెట్‌టాప్ బాక్స్ సిగ్నల్ రిపోర్ట్ ఎట్ల చదవాలి?

ఈరోజు ఎపిసోడ్ కేబుల్ టీవీ మీద. "అన్నా, ఫోన్‌లనే అన్నీ చూస్తున్నం, ఇంక కేబుల్ ఎవరు చూస్తరు" అని అప్పుడే స్కిప్ కొట్టకండి. మీరు చూడకపోవచ్చు. ఇంట్లో అమ్మ చూస్తుంది, నాయనమ్మ చూస్తుంది. సీరియల్ మంచి సీన్ మీద ఉన్నప్పుడు బొమ్మ గడ్డకట్టి, ముక్కలు ముక్కలై, "నో సిగ్నల్" అని పడితే వాళ్ళు పిలిచేది ఎవరిని? మిమ్మల్నే. "ఫోన్ ఎప్పుడూ చేతులనే ఉంటది కదా, గిది జర చూడు బిడ్డా" అంటారు.

కరీంనగర్, జగిత్యాల, పెద్దపల్లి, మంచిర్యాల, నిర్మల్, ఆదిలాబాద్, ఎక్కడికి పోయినా కేబులాయనకు ఫోన్ చేస్తే వచ్చే జవాబులు రెండే. ఒకటి: "లైన్‌ల సిగ్నల్ మంచిగనే ఉంది, మీ టీవీలనే ఏదో ఉంది." రెండోది: "బాక్స్ ఖరాబైంది, కొత్తది తీసుకోవాలె." ఒక్కోసారి అది నిజమే. కానీ చాలాసార్లు పది ఇరవై రూపాయల కనెక్టర్ దగ్గర ఆగిన పనికి ఇంటివాళ్ళు వెయ్యి, పదిహేను వందలు పెట్టి బాక్స్ మార్చుకుంటారు. మార్చినా నెలకే మళ్ళీ అదే కథ. ఎవరి మాట నిజమో తేల్చే సాక్ష్యం మీ బాక్స్‌లోనే ఉంది. దాన్ని చదవడం పది నిమిషాల్లో నేర్చుకుందాం.

ముందుగా ఒక్క ముక్క

ఈ ఎపిసోడ్ మొత్తంలో ఒక్కటే గుర్తుంచుకుంటానంటే ఇది గుర్తుంచుకోండి: సిగ్నల్ ఎంత గట్టిగా వస్తుందనేది వేరు, ఎంత సాఫుగా వస్తుందనేది వేరు. పక్క వాడకట్టులో పెళ్ళి మైకు గట్టిగానే వినిపిస్తుంది. కానీ గరగర ఉంటే ఏం చదువుతున్నారో ఒక్క ముక్క అర్థం కాదు కదా? ఇది కూడా గంతే. స్ట్రెంగ్త్ బార్ నిండుగా ఉండి కూడా టీవీ ఆగిపోవచ్చు.

పాత అనలాగ్ కేబుల్ రోజుల్లో ఈ తిప్పలు లేవు. సిగ్నల్ తగ్గుతుంటే తెర మీద చీమలు పాకినట్టు చుక్కలు వచ్చేవి. ఇంకా తగ్గితే చీమలు ఎక్కువయ్యేవి. అంటే ముందే హెచ్చరిక ఉండేది. 2011లో కేబుల్ చట్టాన్ని సవరించి దేశాన్ని నాలుగు దశల్లో డిజిటల్‌కు మార్చారు. హైదరాబాద్, విశాఖపట్నం రెండో దశ, గడువు 2013 మార్చి. కరీంనగర్, ఆదిలాబాద్ లాంటి పట్టణాలు మూడో దశ, మిగిలిన ఊళ్ళన్నీ నాలుగో దశ. పొడిగింపులన్నీ అయ్యాక చివరి గడువు 2017 మార్చి 31. బొమ్మ సాఫుగా మారింది, చానళ్ళు పెరిగాయి. కానీ హెచ్చరిక పోయింది. డిజిటల్‌లో బొమ్మ అద్దంలా వస్తూనే ఉంటుంది, ఒక హద్దు దాటగానే బావిలో పడ్డట్టు ఒక్కసారిగా పోతుంది. ఆ హద్దుకు మీరు ఎంత దూరంలో ఉన్నారో బొమ్మ చూస్తే తెలియదు. రిపోర్ట్ చూస్తేనే తెలుస్తుంది.

రిపోర్ట్ ఎక్కడ ఉంటుంది?

రిమోట్‌లో మెనూ నొక్కండి. సెట్టింగ్స్ లేదా సిస్టమ్ అని ఉన్నచోటికి పోండి. అందులో సిగ్నల్ స్టేటస్, సిగ్నల్ ఇన్ఫర్మేషన్, ట్యూనర్ స్టేటస్, ఇట్లాంటి పేరేదో ఒకటి ఉంటుంది. బాక్స్‌ను బట్టి పేరు మారుతుంది.

కొన్ని బాక్సులు రెండు బార్లు, వాటి పక్కన పర్సంటేజ్ మాత్రమే చూపిస్తాయి: స్ట్రెంగ్త్, క్వాలిటీ. ఈ పర్సంటేజ్‌కు అన్ని కంపెనీలకూ కలిపి ఒక కొలత లేదు. మీ బాక్స్‌లో 70, పక్కింటి వేరే కంపెనీ బాక్స్‌లో 70 ఒకటే అనుకోవద్దు. అదే బాక్స్‌లో నిన్న ఎంత, ఈరోజు ఎంత అని పోల్చడానికి మాత్రం మస్తు పనికొస్తుంది. రెండింట్లో ముందు చూడాల్సింది క్వాలిటీ బార్.

ఇంకొన్ని బాక్సులు అసలు అంకెలు ఇస్తాయి. ఫ్రీక్వెన్సీ, క్వామ్, సింబల్ రేట్, లెవెల్, ఎంఈఆర్ లేదా ఎస్ఎన్ఆర్, బీఈఆర్. ఇవి కనిపిస్తే అదృష్టమే.

ఇక్కడ చాలామంది పట్టించుకోని సంగతి ఒకటుంది. ఎక్కువ బాక్సుల్లో ఆ పేజీ చూపించేది మీరు అప్పుడు పెట్టిన చానల్ సంగతే. కేబుల్‌లో ఒక్కో ఫ్రీక్వెన్సీ ఒక బస్సు లాంటిది, ఒక్కో బస్సులో పది పదిహేను చానళ్ళు, కొన్నిచోట్ల ఇంకా ఎక్కువ ఎక్కి వస్తాయి. ఒక బస్సు ఆలస్యమైతే అన్నీ ఆలస్యమైనట్టు కాదు కదా. అందుకే కనీసం మూడు చానళ్ళలో చూడండి: తక్కువ ఫ్రీక్వెన్సీది ఒకటి, మధ్యది ఒకటి, ఎక్కువది ఒకటి. ఫ్రీక్వెన్సీ మెగాహెర్ట్జ్‌లో అదే పేజీలో ఉంటుంది.

మొదటి అంకె: లెవెల్

ఇది సిగ్నల్ ఎంత గట్టిగా వస్తుందో చెప్పేది. మన దగ్గర మామూలుగా డీబీ మైక్రోవోల్ట్‌లో చూపిస్తారు. 60 డీబీ మైక్రోవోల్ట్ అంటే సరిగ్గా ఒక మిల్లీవోల్ట్. బాక్స్ దగ్గర 50 నుంచి 70 మధ్య ఉంటే నిశ్చింత. 45 కిందికి వస్తే గండం దగ్గర పడ్డట్టే. 80 దాటితే అదీ మంచిది కాదు, ఎందుకో చెప్తాను.

కొన్ని బాక్సులు డీబీ మిల్లీవోల్ట్‌లో చూపిస్తాయి. అక్కడ సున్నా కనిపిస్తే భయపడకండి, దానికి 60 కలపండి. అంటే సున్నా అన్నది మన 60. ఇంకొన్ని డీబీఎంలో, మైనస్ అంకెల్లో చూపిస్తాయి. దానికి సుమారు 109 కలపాలి. మైనస్ 49 అని ఉంటే అదీ మన 60 దగ్గరే.

డీబీ మామూలు అంకె లాంటిది కాదు. 3 తగ్గితే పవర్ సగం అయినట్టు. 10 తగ్గితే పదో వంతే మిగిలినట్టు. "60 నుంచి 50కి వచ్చింది, పదే కదా పోయింది" అనుకోవద్దు. పదింట తొమ్మిది వంతులు పోయింది.

రెండో అంకె: ఎంఈఆర్

అసలు హీరో ఇదే. కొన్ని బాక్సుల్లో దీని చోట ఎస్ఎన్ఆర్ లేదా సీ బై ఎన్ అని ఉంటుంది. కొలిచే పద్ధతిలో తేడా ఉన్నా, మన పనికి ఒకే రకంగా చదువుకోవచ్చు: ఎంత ఎక్కువైతే అంత సాఫు.

ఎంఈఆర్ అంటే ఏంటో ముగ్గుతో చెప్తాను. వాకిట్లో చుక్కల ముగ్గు గుర్తు తెచ్చుకోండి. 8 వరుసలు, వరుసకు 8 చుక్కలు. మొత్తం 64. కేబుల్‌లో 64 క్వామ్ అంటే ఇదే. హెడ్ఎండ్ నుంచి వచ్చే ప్రతి సింబల్ ఈ 64 చుక్కల్లో ఏదో ఒక చుక్క మీద పడాలి. ఏ చుక్క మీద పడిందో చూసి బాక్స్ 6 బిట్లు చదువుకుంటుంది. సిగ్నల్ సాఫుగా ఉంటే సరిగ్గా చుక్క మీదే పడుతుంది. గరగర కలిస్తే కొంచెం పక్కకు పడుతుంది. మరీ పక్కకు పోయి పక్క చుక్క దగ్గర పడితే బాక్స్ తప్పు చదువుతుంది. సగటున చుక్కకు ఎంత దగ్గరగా పడుతోందో చెప్పే మార్కులే ఎంఈఆర్.

ఇప్పుడు అదే వాకిట్లో 16 వరుసలు, వరుసకు 16 చుక్కలు పెట్టండి. 256 చుక్కలు. ఇది 256 క్వామ్. ఒక్కో చుక్కకు 8 బిట్లు, కాబట్టి అదే దారిలో ఎక్కువ చానళ్ళు పడతాయి. కానీ వాకిలి అదే, చుక్కలు దగ్గర దగ్గరకు వచ్చాయి. కొంచెం పక్కకు పడినా పక్క చుక్కే. అందుకే 256కు ఇంకా సాఫు సిగ్నల్ కావాలి.

లెక్క ఇది. 64 క్వామ్‌కు ఎంఈఆర్ 24 దగ్గరకు వస్తే బావి అంచు మీద ఉన్నట్టు, 28 పైన ఉంటే ధైర్యం. 256 క్వామ్‌కు 30 దగ్గర అంచు, 33 పైన ధైర్యం. రిపోర్ట్‌లో క్వామ్ ఎంతుందో చూడకుండా ఎంఈఆర్ చదవొద్దు. 29 అనే అంకె ఒకచోట పాస్, ఇంకోచోట ఫెయిల్.

మూడో అంకె: బీఈఆర్

ఎన్ని బిట్లకు ఎన్ని తప్పులు వచ్చాయన్న లెక్క. 1ఈ-6 అని కనిపిస్తుంది. అంటే పది లక్షల బిట్లకు ఒక తప్పు. 1ఈ-3 అంటే వెయ్యికే ఒక తప్పు. మైనస్ పక్కన అంకె పెద్దదైతే మంచిది. 1ఈ-8 చూసి "అన్నా, తప్పులు 8కి పెరిగినయి" అని ఒకరు నాకు చెప్పారు, నిజానికి అది చాలా మంచి అంకె.

తప్పులు వస్తే వెంటనే బొమ్మ చెడదు. 188 బైట్ల ప్రతి ప్యాకెట్‌కు ఇంకో 16 బైట్లు తోడు పంపుతారు. ఆ తోడుతో బాక్స్ ఒక్కో ప్యాకెట్‌లో 8 బైట్ల తప్పు వరకు తనే దిద్దుకుంటుంది. అందుకే దిద్దకముందు బీఈఆర్ సుమారు 2ఈ-4 వరకు ఉన్నా మీ కంటికి ఏమీ కనిపించదు. అది దాటితే దిద్దడం బాక్స్ వల్ల కాదు, బొమ్మ ముక్కలవుతుంది. ఇందాక చెప్పిన బావి అంచు ఇదే.

మూడూ కలిపి చదవడం

ఒక్క అంకె చూసి తీర్పు చెప్పొద్దు. ఐదు రకాల రిపోర్టులు చెప్తాను, మీది ఏ రకమో చూసుకోండి. అన్నీ 64 క్వామ్ అనుకుందాం.

ఒకటి: లెవెల్ 61, ఎంఈఆర్ 35, బీఈఆర్ 1ఈ-9. అంతా బాగుంది. అయినా చానల్ రాకపోతే గొడవ సిగ్నల్‌ది కాదు. ప్యాక్ అయిపోయి ఉండొచ్చు, ఆ చానల్ మీ ప్యాక్‌లో లేకపోవచ్చు. డబ్బు కట్టిన వెంటనే రాకపోతే బాక్స్ ఆన్‌లోనే ఉంచండి, ఎందుకంటే తాళం తీసే సమాచారం కూడా ఇదే తీగలో నడిచి రావాలి.

రెండు: లెవెల్ 42, ఎంఈఆర్ 25. గట్టిగానూ లేదు, సాఫుగానూ లేదు. దారిలో ఎక్కడో కారిపోతోంది. పొడుగు వైరు, ఎక్కువ స్ప్లిటర్లు, తుప్పు పట్టిన కనెక్టర్, వీటిలో ఏదో ఒకటి.

మూడు: లెవెల్ 84, ఎంఈఆర్ 26. మరీ గట్టిగా వస్తోంది. బాక్స్ ట్యూనర్ తట్టుకోలేక చుక్కలన్నీ చెదిరిపోతున్నాయి. ఆంప్లిఫయర్ పక్కనే ఉన్న ఇళ్ళలో ఇది చూస్తాం. ఇక్కడ ఇంకో ఆంప్లిఫయర్ పెడితే మంట మీద నూనె పోసినట్టే. 10 డీబీ అటెన్యుయేటర్ ఒకటి పెడితే సరి.

నాలుగు: లెవెల్ 62, ఎంఈఆర్ 23. "సిగ్నల్ ఫుల్ ఉంది, టీవీ వస్తలేదు" అనేది ఈ రకమే. గరగర ముందే కలిసిపోయింది, దాన్ని కూడా కలిపి పెంచి మీ ఇంటికి పంపుతున్నారు. ఆంప్లిఫయర్ మంచినీ పెంచుతుంది, చెత్తనూ పెంచుతుంది. పోయిన ఎంఈఆర్‌ను తిరిగి తేవడం దానివల్ల కాదు. పక్కింట్లో కూడా ఇట్లే ఉంటే మీ బాక్స్ మార్చి లాభం లేదు, పని లైన్ మీద ఉంది.

ఐదు: ఫ్రీక్వెన్సీని బట్టి మారేది. 200 మెగాహెర్ట్జ్ దగ్గర 63, 700 దగ్గర 43. పైవి పడిపోతే వైరు పాతదై ఉంటుంది, లేదా నీళ్ళు దిగి ఉంటాయి. తిరగేసి, కిందివి పడిపోయి పైవి బాగుంటే, చాలాసార్లు నడిమి రాగి తీగ ఎక్కడో తెగి చిన్న సందు వచ్చినట్టు. ఎక్కువ ఫ్రీక్వెన్సీ ఆ సందును దూకుతుంది, తక్కువది దూకలేదు.

గోదావరిఖనిలో మా చుట్టాల ఇంట్లో ఏడాదిలో రెండు బాక్సులు మార్పించారు. పోయి చూస్తే 210 మెగాహెర్ట్జ్‌లో 61, ఎంఈఆర్ 35. 714లో 42, ఎంఈఆర్ 24. రెండు బాక్సులదీ తప్పు లేదు. డాబా మీద మెలేసి టేప్ చుట్టిన జాయింట్, లోపల రాగి పచ్చబడింది. తడిసినంత మేర కత్తిరించి, సరైన కనెక్టర్లు వేయిస్తే 714లో లెవెల్ 57, ఎంఈఆర్ 34కు వచ్చింది. అత్తమ్మ అడిగిన ఒకే ఒక్క మాట: "మరి ఆ రెండు బాక్సుల పైసలు?" దానికి నా దగ్గర జవాబు లేదు. మీ ఇంట్లో ఆ ప్రశ్న రావొద్దనే ఈ ఎపిసోడ్.

ఇంట్లో లెక్క వేసుకోండి

స్తంభం మీద ట్యాప్ దగ్గర 68 ఉందనుకోండి. ఆర్జీ-6 వైరు 700 మెగాహెర్ట్జ్ దగ్గర 100 మీటర్లకు సుమారు 18 డీబీ తింటుంది. 40 మీటర్లకు 7 పోయింది, మిగిలింది 61. రెండు దారుల స్ప్లిటర్ దాదాపు 4 తింటుంది, నాలుగు దారులది 7, ఎనిమిది దారులది 11. టీవీలు రెండే ఉన్న ఇంట్లో నాలుగు దారుల స్ప్లిటర్ ఉంటే తీసేసి రెండు దారులది పెట్టండి. ఖర్చు లేకుండా 3 డీబీ మిగిలింది, అంటే పవర్ రెండింతలు. ఖాళీగా ఉన్న పోర్టుకు 75 ఓమ్ టర్మినేటర్ క్యాప్ పెట్టండి, తెరిచి వదలొద్దు.

మన జాగ, మన వాతావరణం

ఆదిలాబాద్‌లో చలికాలం తెల్లవారుజాము 5 డిగ్రీల దగ్గరికి దిగుతుంది, రామగుండంలో మే నెల మధ్యాహ్నం 45 దాటుతుంది. కోయాక్స్ వైరు వేడెక్కితే నష్టం పెరుగుతుంది, డిగ్రీకి సుమారు 0.2 శాతం. 40 డిగ్రీల తేడాకు 8 శాతం. వైరు 20 డీబీ తినే లైన్‌లో ఇది ఒకటిన్నర డీబీ. అంచు మీద ఉన్న ఇంటికి ఇదే చాలు. మధ్యాహ్నం ఆగి రాత్రి పదింటికి మంచిగా వస్తుందంటే కారణం ఇది కావొచ్చు. వానాకాలం మాత్రమే వస్తే నీళ్ళు దిగిన జాయింట్ వెతకండి. ఇగ కోతుల సంగతి మీకు నేను చెప్పాలా? వైరు పట్టుకుని ఊగితే కనెక్టర్ లోపల వదులవుతుంది, బయటికి మాత్రం బాగానే కనిపిస్తుంది.

ఇంకొకటి, ఇది మీ చేతిలోని ఫోన్ సంగతి. కేబుల్ వాడే ఫ్రీక్వెన్సీలు 862 మెగాహెర్ట్జ్ వరకు పోతాయి. 2022 వేలంలో జియో దేశమంతా 700 మెగాహెర్ట్జ్ బ్యాండ్ తీసుకుంది, 5జీకి వాడుతోంది. 4జీ 850 బ్యాండ్‌లో ఫోన్ నుంచి టవర్‌కు పోయే సిగ్నల్ 824 పైన మొదలవుతుంది. అంటే గాలిలో వాళ్ళు, తీగలో మనం, ఒకే ఫ్రీక్వెన్సీ. తీగ మీది అల్లిక కవచం బాగుంటే ఇద్దరికీ గొడవ లేదు. కనెక్టర్ వదులైతే గాలిలోది లోపలికి దూరుతుంది. కొన్ని చానళ్ళలోనే, అదీ 700 పైన ఉన్నవాటిలోనే ఎంఈఆర్ ఎగిరెగిరి పడుతుంటే, ఫోన్‌ను బాక్స్ వెనక నుంచి దూరంగా పెట్టి చూడండి. తేడా వస్తే కనెక్టర్ మార్పించండి, ఫోన్ మార్చాల్సిన పని లేదు.

ఇప్పుడు మీరు చేయాల్సింది

టీవీ మంచిగా వస్తున్నప్పుడే, అంటే ఈరోజే, మూడు చానళ్ళలో సిగ్నల్ పేజీ ఫోటోలు తీసి ఫోన్‌లో పెట్టుకోండి. అది మీ ఇంటి ఆరోగ్యం నాటి రిపోర్ట్. రేపు గొడవ వచ్చినప్పుడు మళ్ళీ అవే మూడు చానళ్ళు తీయండి, టైమ్ కూడా రాసుకోండి. తర్వాత బాక్స్‌ను పక్క గదిలోనో పక్కింట్లోనో వేరే వైరుకు పెట్టి చూడండి. అక్కడ అదే బాక్స్ బాగా వస్తే బాక్స్ తప్పు లేదు. అక్కడా రాకపోయి, పక్కింటి బాక్స్ మీ వైరు మీద మంచిగా వస్తే అప్పుడు బాక్సే ఖరాబు. పైసా ఖర్చు లేని పరీక్ష ఇది.

ఇక ఆ ఫోటోలు కేబులన్నకు వాట్సాప్ చేయండి. "టీవీ వస్తలేదు" అనొద్దు. "అన్నా, 714 మెగాహెర్ట్జ్‌లో ఎంఈఆర్ పోయిన వారం 34 ఉండె, ఇయ్యాల 24 ఉంది, పక్కింట్ల కూడా గట్లనే ఉంది" అనండి. కొట్లాడే పని లేదు. ఎండలో స్తంభాల మధ్య తిరిగే మనిషికి అది పనికొచ్చే మాట, ఇల్లిల్లూ తిరగకుండా నేరుగా ఆంప్లిఫయర్ దగ్గరికే పోతాడు. ఆయనకు గంట మిగులుతుంది, మీకు బాక్స్ పైసలు మిగులుతాయి.

జాగ్రత్త ఒకటి. కనెక్టర్ బిగించడం వరకే మీ పని. స్తంభం ఎక్కొద్దు, ఆంప్లిఫయర్ డబ్బా తెరవొద్దు. కేబుల్ ముట్టుకుంటే జివ్వుమని షాక్ కొడితే అది సిగ్నల్ గొడవ కాదు, ఎక్కడో కరెంటు తీగ తగులుతోంది. వైరు వదిలేసి వెంటనే కేబుల్ వాళ్ళకు, కరెంటోళ్ళకు చెప్పండి. ఉరుములు మెరుపులు ఉన్నప్పుడు వైరు పీకడానికీ పోవద్దు, మబ్బు పట్టినప్పుడే పీకి పెట్టుకోండి.

గంతే దోస్తులు. ఈ రాత్రి సీరియల్ బ్రేక్‌లో రిమోట్ అడిగి ఒక్క నిమిషం ఆ పేజీ తెరిచి చూడండి. మీ ఇల్లు బావి అంచుకు ఎంత దూరంలో ఉందో తెలిసిపోతుంది. మళ్ళీ ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటా.